గడువు లేని శిక్ష: అండమాను దీవుల చరిత్ర, అశోకుని ధర్మశాసనాలు

తెలుగునాట 'అండమాను' అనే మాట చాలాకాలం ఒక ప్రదేశానికి పేరుగా కంటె ఒక శిక్షకు పేరుగానే వాడుకలో ఉన్నది. ద్వీపాంతరవాసమన్నా, ప్రవాసశిక్ష అన్నా, కాలాపానీ అన్నా జనులకు స్ఫురించినవి బంగాళాఖాతంలోని ఆ దీవులే. ఆ శిక్షలోని క్రౌర్యాన్ని గూర్చి మనవారు విస్తారంగా వ్రాశారు. గానుగ త్రిప్పించడం, కొబ్బరిపీచు దంచించడం, సంకెళ్ళు, కొరడాదెబ్బలు, ఒంటరికొట్లు పాఠకులకు తెలిసినవే. అంతగా చర్చకు రాని అంశం మరొకటి ఉన్నది. యావజ్జీవ శిక్ష పడి అక్కడికి వెళ్ళిన మనిషి ఎన్నడు తిరిగి వస్తాడో చెప్పే తేదీ అతని శిక్షాపత్రంలో ఉండేది కాదు. ఆ తేదీ రాజ్యాధిపతి మనస్సులో, లేదా అతని పేరున పాలించే అధికారి మనస్సులో ఉండేది.

'ప్రభువులకు ఇష్టమున్నంతకాలం' అనే సూత్రం ఆంగ్లేయుల న్యాయవ్యవస్థ నుండి మనకు సంక్రమించినది. అది రెండు చోట్ల ఒకే తీరున పనిచేసినది. రాజుకు ఇష్టమున్నంతకాలం రాజోద్యోగి పదవిలో ఉంటాడు. రాజుకు ఇష్టమున్నంతకాలం రాజఖైదీ చెరలో ఉంటాడు. ఈ సూత్రం అండమాను దీవులలో ఎట్లు నడిచినదో, దానికి భిన్నమైన మార్గాన్ని బౌద్ధ సంప్రదాయం, అందులోను మన కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి బండలపై చెక్కబడిన అశోకుని శాసనాలు ఎట్లు చూపినవో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దీవిలో సోపానాలు

1857 నాటి తిరుగుబాటు అణగిన పిదప, 1858 మార్చి 10వ తేదీన జె.పి. వాకర్ అనే అధికారి రెండువందలమంది ఖైదీలతో పోర్ట్ బ్లేర్ చేరుకున్నాడు. తొలి నెలలలోనే అనేకులు అడవిలోకి పారిపోయారు. తిరిగి చిక్కినవారిలో ఎనభైమందికి పైగా ఉరితీయబడ్డారు. దీవుల పాలన అట్లు ఆరంభమైనది.

ఆ తొలి కాలంలోనే తెలుగునేల నుండి అక్కడికి చేరినవాడు మౌల్వీ అల్లావుద్దీన్. 1857 జులై 17వ తేదీన హైదరాబాదులోని బ్రిటిషు రెసిడెన్సీపై జరిగిన దాడికి తుర్రేబాజ్ ఖాన్‌తో కలసి ఆయన నాయకత్వం వహించాడు. తుర్రేబాజ్ ఖాన్ చెర నుండి తప్పించుకొని, పిదప చంపబడ్డాడు. అల్లావుద్దీన్‌కు యావజ్జీవ ద్వీపాంతరవాసం విధించారు. దీవులలోనే ఆయన జీవితం ముగిసినది. ఒకనికి మరణం, మరొకనికి ముగింపు లేని నిరీక్షణ. రెండవది దయ అని ఆనాటి పాలకులు భావించారు.

ఈ నిరీక్షణకు కాలక్రమంలో ఒక వ్యవస్థ ఏర్పడినది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నాటికి యావజ్జీవ ఖైదీ నడిచే మెట్లు ఇవి. మొదటి ఆరు నెలలు సెల్యులార్ జైలులో ఒంటరికొట్టు. తరువాత ఏడాదిన్నర మరొక జైలులో ఇతరులతో కలసి పని. ఆపైన మూడేళ్ళు బారకాసులలో ఉంటూ కూలి లేని చాకిరి. ఆ తరువాతి అయిదేళ్ళు కొంచెం తేలికపని, స్వల్పమైన భత్యం. పదేళ్ళు నిండిన పిమ్మట సత్ప్రవర్తన ఉన్నవానికి ఒక టికెట్ లభించేది. ఆ టికెట్ ఉన్నవాడు సొంతంగా సేద్యం చేసుకోవచ్చు, పశువులను పెంచుకోవచ్చు, పెండ్లాడవచ్చు, కుటుంబాన్ని పిలిపించుకోవచ్చు. కాని ఆవాసం విడిచి వెళ్ళరాదు, పని లేక ఉండరాదు. ఈ స్థితిలో మరి పది పదిహేనేళ్ళు గడిపితే విడుదల విషయం ప్రభుత్వ పరిశీలనకు వచ్చేది.

ఈ మెట్లు పైకి క్రమబద్ధంగానే కనబడతాయి. ఖైదీ ఒక్కొక్క మెట్టు ఎక్కడానికి లెక్క ఉన్నది. చివరి ద్వారానికి మాత్రం తాళం వేరొకరి చేతిలో ఉన్నది. ఇరవై, ఇరవై అయిదేళ్ళు నిండినవాడు విడుదలను హక్కుగా అడుగలేడు. దానిని దయగా ఆశించవలసినదే. పాతికేళ్ళు సత్ప్రవర్తనతో మెలగినవానికీ, మెలగనివానికీ నడుమ భేదాన్ని తేల్చేది నియమం కాదు, అధికారి సమ్మతి.

శిక్ష లేని చెర

ద్వీపాంతరవాసానికి కనీసం ఒక న్యాయస్థానం తీర్పు ఉండేది. అది కూడ లేని చెర మరొకటి ఉన్నది. 1818 నాటి బెంగాలు మూడవ రెగ్యులేషను ప్రకారం రాజ్యక్షేమం పేరున ఎవరినైనను విచారణ లేకుండ నిర్బంధించే అధికారం గవర్నరు జనరలుకు దఖలుపడినది. మరుసటి ఏడాది, 1819లో, మద్రాసు రాజధానిలో రెండవ రెగ్యులేషను అదే మార్గంలో వచ్చినది. అందుకు నేరం రుజువు కావలసిన అవసరం లేదు, గడువు చెప్పవలసిన అవసరం అంతకంటె లేదు. బెంగాలు రెగ్యులేషనులో ఒక ఏర్పాటు ఉన్నది. ఖైదీ నడవడిని, ఆరోగ్యాన్ని గూర్చి సంబంధిత అధికారి ఏటా జనవరి 1న, జులై 1న పైవారికి నివేదిక పంపవలెను. నివేదికకు తేదీ ఉన్నది, విడుదలకు లేదు. 1907లో లాలా లజపతి రాయ్‌ను ఈ రెగ్యులేషను క్రిందనే బర్మాలోని మాండలేకు తరలించారు. ఆరునెలలలో విడిచిపెట్టారు. ఎందుకు పట్టారో, ఎందుకు విడిచారో చెప్పవలసిన బాధ్యత పాలకులకు రెండు సందర్భాలలోను లేదు.

అదే బర్మా నుండి ఎదురు దిశగా వచ్చిన ఖైదీ కథ బౌద్ధులకు మరింత సన్నిహితమైనది. బర్మా చివరి రాజు థీబా 1885 నవంబరులో పదవీచ్యుతుడై, ముందుగా మద్రాసుకు, 1886లో అక్కడినుండి కొంకణతీరంలోని రత్నగిరికి చేర్చబడ్డాడు. 1916లో మరణించేవరకు ముప్పై ఏళ్ళు అక్కడనే గడిపాడు. ఆయనపై విచారణ జరుగలేదు, శిక్ష విధింపబడలేదు. కనుక తగ్గించవలసిన శిక్ష కూడ లేదు.

రాజులు, ఖైదీలు మాత్రమే కాదు, ఒక ప్రాంతమంతయు ఇట్టి ఇష్టానికి లోబడిన సందర్భం తెలుగువారి మన్యంలో ఉన్నది. 1839 నాటి చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుండి తప్పించి గవర్నరు ఏజెంటు చేతిలో పెట్టారు. 'ఏజెన్సీ' అన్న పేరు అట్లు వచ్చినది. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు వెంట నడచిన గిరిజన వీరులలో బోనంగి పండుపడాలు అండమానుకు పంపబడి తిరిగి రాలేదు. గాం గంటందొర పోరులో నేలకొరిగాడు. ఆయన తమ్ముడు మల్లుదొర సుదీర్ఘమైన కారాగారవాసం అనుభవించి బయటపడి, 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. పండుపడాలు తిరిగి రాకపోవడానికి, మల్లుదొర తిరిగి రావడానికి నడుమ ఏ నియమం ఉన్నదని వెదకినా దొరకదు.

నిర్ణేత, నిరీక్షకుడు

ఇట్టి వ్యవస్థలో నిర్ణయించేవాడు, నిరీక్షించేవాడు ఎదురుపడిన సంఘటన ఒకటి దీవుల చరిత్రలో ఉన్నది. 1872 ఫిబ్రవరి 8వ తేదీ సాయంకాలం వైస్రాయి లార్డ్ మేయో మౌంట్ హారియట్ కొండపై సూర్యాస్తమయం చూచి, దిగువన హోప్‌టౌన్ రేవుకు వచ్చి పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అనే ఆఫ్రిదీ ఖైదీ ఆయనను కత్తితో పొడిచి చంపాడు. షేర్ అలీకి 1867లో పెషావరులో మరణశిక్ష పడి, అది యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మార్చబడినది. సత్ప్రవర్తన కారణంగా క్షురకవృత్తి చేసుకొనే స్వేచ్ఛ కూడ అతనికి లభించినది. మార్చి 11వ తేదీన అతనిని వైపర్ దీవిలో ఉరితీశారు. హత్యను ఎవరును సమర్థింపరు, బౌద్ధుడు అసలే సమర్థింపడు. అయితే చరిత్రకారుడు గమనింపవలసిన విషయం ఒకటి ఉన్నది. దేశంలోని ఖైదీలందరి విడుదలకు ఆధారమైన ఆ ఒక్క వ్యక్తి మరణంతో ఆ అధికారంలో ఇసుమంత మార్పు రాలేదు. వైస్రాయి మారాడు, ఇష్టం మారలేదు.

ఆ మౌంట్ హారియట్ మీదనే 1891 యుద్ధానంతరం మణిపురం రాజు కులచంద్ర సింగును, ఆయన సహచరులను ఉంచారు. వారి స్మృతిగా 2021లో ఆ కొండకు మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు.

1896 నుండి 1906 వరకు నిర్మింపబడిన సెల్యులార్ జైలులో రాజకీయఖైదీలు చేసిన పోరాటాలలో మంచి తిండి, చదువుకొనే పుస్తకాలు, దీపం వంటి కోరికలు కనబడతాయి. 1933 నిరాహారదీక్షలో బలవంతంగా పాలు పట్టించిన కారణాన మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మైత్ర ప్రాణాలు కోల్పోయారు. 1937 జులైలో ఆరంభమైన దీక్షలో ప్రధానమైన కోరిక వేరు: తమను స్వదేశానికి పంపవలెనని, రాజకీయఖైదీలను విడుదల చేయవలెనని. ఆ ఏడాది సెప్టెంబరు నుండి 1938 జనవరి లోపల వారందరును ప్రధానభూభాగానికి తిరిగి వచ్చారు. తేదీ చెప్పని ప్రభుత్వం చేత తేదీ చెప్పించగలిగినది ఆ దీక్ష.

ఛందం అనే దోషం

పై చరిత్రలో ఇష్టం అనే మాట పదేపదే వచ్చినది. పాలిభాషలో ఇష్టానికి 'ఛందం' అని పేరు. మన 'స్వచ్ఛందం'లో ఉన్నది ఆ మాటయే. దీఘనికాయంలోని సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు మనిషి దారి తప్పే తీరులను నాలుగు చెప్పాడు: ఛందాగతి, దోసాగతి, మోహాగతి, భయాగతి. ఇష్టం వలన, ద్వేషం వలన, మోహం వలన, భయం వలన తప్పు చేయడం. గమనింపదగినదేమంటే ద్వేషానికంటె ముందు ఇష్టం చెప్పబడినది. సంఘంలో భోజనం పంచే చిన్న బాధ్యతకు సైతం ఈ నాలుగు దోషాలు లేని భిక్షువును సంఘమే సమ్మతితో ఎన్నుకొనవలెనని వినయం విధించినది.

సంఘంలోను శిక్షలున్నవి. తీవ్రమైన దోషాన్ని దాచిన భిక్షువు, దాచిన దినాలెన్నియో అన్ని దినాలు పరివాసం ఉండవలెను. పిదప ఆరు రాత్రులు మానత్తం. అంతటితో సంఘం అతనిని మరల తనలో చేర్చుకొనే కర్మ జరుపుతుంది. ఎన్ని దినాలో మొదటనే తెలియును. అతనిని తిరిగి చేర్చుకోవడానికి ఇరువదిమంది భిక్షువులు కూడవలెను. ఏ ఒక్క స్థవిరుని ఇష్టమో చాలదు. పదవి విషయంలోను ఇదే తీరు. బుద్ధుని పరినిర్వాణానంతరం మగధమంత్రి వస్సకారుడు, మీకు నాయకునిగా ఎవరు నియమింపబడ్డారని ఆనందుని అడిగాడు. ఎవరును లేరని, ధర్మమే తమకు శరణమని ఆనందుడు బదులిచ్చాడు.

ఇది భిక్షుసంఘపు నియమం. రాజ్యానికి ఇది సాధ్యమా అన్న ప్రశ్నకు అశోకుడు కొంతవరకు సమాధానం. కళింగయుద్ధంలో లక్షా యాభైవేలమందిని చెరపట్టి తరలించినట్లు తన పదమూడవ శిలాశాసనంలో ఆయన తానే ఒప్పుకొన్నాడు. మన చరిత్రలో నమోదైన తొలి సామూహిక ద్వీపాంతరవాసం వంటిది అది. సముద్రం మాత్రం నడుమ లేదు. ఈ శాసనం ఎఱ్ఱగుడిలో ఉన్నది. కళింగంలోని ధౌళి, జౌగడలలో లేదు. ఆ స్థానంలో అక్కడ వేరుగా రెండు శాసనాలు చెక్కించాడు. వాటిలో మొదటిది నగర న్యాయాధికారులకు సూటిగా చేసిన హెచ్చరిక. నిష్కారణంగా ఒకనికి చెర, చిత్రహింస కలుగుతున్నవనీ, ఈర్ష్య, కోపం, నిష్ఠురత, తొందరపాటు, సోమరితనం, అలసట అనేవి అధికారిని తప్పుదారి పట్టిస్తాయనీ అందులో చెప్పాడు. అంతటితో ఊరుకొనలేదు. ఈ తప్పులు జరుగుతున్నవో లేదో చూడడానికి అయిదేళ్ళకొకసారి ఒక మహామాత్రుని పంపుతానని, ఉజ్జయిని నుండి కుమారుడు మూడేళ్ళు మించకుండ పంపవలెనని గడువులు నిర్ణయించాడు. జౌగడ ఉన్న గంజాం సీమ 1936 వరకు మద్రాసు రాజధానిలో ఉన్నది. పైన చెప్పిన 1839 చట్టం వర్తించినది ఆ జిల్లా కొండలకే.

ఎఱ్ఱగుడిలోని అయిదవ శిలాశాసనం ధర్మమహామాత్రుల నియామకాన్ని తెలుపుతుంది. పిల్లలు కలవారు, వృద్ధులు మున్నగు ఖైదీలను గుర్తించి వారి విముక్తికి పాటుపడడం ఆ ఉద్యోగుల విధులలో ఒకటి. నాలుగవ స్తంభశాసనంలో మరణశిక్ష పడినవానికి మూడుదినాల గడువు ఇయ్యబడినది. బంధువులు విన్నవించుకోవడానికి ఆ వ్యవధి. అయిదవ స్తంభశాసనం చివర ఒక చిన్న లెక్క ఉన్నది: తన పట్టాభిషేకం నుండి ఇరువదియారవ ఏట వరకు ఇరువదియైదు పర్యాయాలు ఖైదీల విడుదల జరిగినది. అనగా దాదాపు ఏటేటా.

అశోకుడు మరణశిక్షను రద్దు చేయలేదు, చెరసాలలను మూయలేదు. ఏటేటి విడుదల కూడ రాజు అనుగ్రహమే. ఆయన తరువాతి రాజు దానిని పాటింపకపోయిన అడిగేవారు లేరు. ఈ పరిమితులను దాచనవసరం లేదు. అయినను ఆయన చేసిన పని అసామాన్యమైనది. దయకు తేదీ పెట్టాడు. ఎన్నిమార్లు చూపినదీ లెక్క వ్రాయించి స్తంభం మీద నిలిపాడు.

స్వతంత్ర భారతంలో

స్వరాజ్యం వచ్చిన తరువాత ఇష్టమున్నంతకాలం అనే సూత్రం పోయిందా? అండమాను పేరు శిక్షాస్మృతి నుండి పోయినది. 1955 నాటి సవరణ చట్టంతో ద్వీపాంతరవాసం స్థానంలో యావజ్జీవ కారాగారం వచ్చినది. కాని 1961లో గోపాల్ వినాయక్ గోడ్సే కేసులో సుప్రీంకోర్టు, యావజ్జీవమనగా జీవితాంతమే అని, ఇరవయ్యేళ్ళు నిండినంతమాత్రాన విడుదల హక్కు కాదని, శిక్ష తగ్గించడం ప్రభుత్వ విచక్షణ అని స్పష్టం చేసినది. అండమాను చివరి ద్వారపు తాళం చేతులు మారినదే కాని, నియమంగా మారలేదు.

విచారణ లేని చెర కూడ రాజ్యాంగంలో చోటు చేసుకొన్నది. దానికి కొంతైన కట్టడి ఉండవలెనని 1949 సెప్టెంబరులో డాక్టర్ అంబేడ్కర్ తెచ్చిన ముసాయిదా నుండి వచ్చినదే నేటి 22వ అధికరణం. నిర్బంధానికి కారణాలు తెలుపవలెను. మూడునెలలు దాటితే సలహామండలి సమ్మతి ఉండవలెను. ఆ మూడునెలలను రెండుకు తగ్గిస్తూ 1978లో పార్లమెంటు నలభై నాలుగవ సవరణ ఆమోదించినది. దానిని అమలులోకి తెచ్చే తేదీని నిర్ణయించే పని కేంద్రప్రభుత్వానికి విడిచినది. ఆ సవరణలోని ఈ భాగానికి అమలు తేదీ ప్రకటింపబడలేదు. నిర్బంధం గడువును తగ్గించే శాసనానికే గడువు లేకపోయినది. తేదీ ప్రకటించుమని ప్రభుత్వాన్ని ఆదేశింపజాలమని 1981 డిసెంబరులో ఏ.కె. రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడ తీర్పు చెప్పినది.

పదవుల విషయం చూతము. గవర్నరు రాష్ట్రపతికి ఇష్టమున్నంతకాలం, మంత్రులు గవర్నరుకు ఇష్టమున్నంతకాలం అధికారంలో ఉంటారని రాజ్యాంగం చెప్పుచున్నది. శాసనసభ విశ్వాసమే ఆ ఇష్టమని ప్రజాస్వామ్య సంప్రదాయం. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ శాసనసభలో బలపరీక్ష జరుగకుండనే ఎన్.టి. రామారావు మంత్రివర్గాన్ని తొలగించినప్పుడు ఆ మాటకు గల పాత అర్థం తెలుగువారికి అనుభవానికి వచ్చినది. ప్రజల ఆందోళనతో నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికే రాంలాల్ రాజభవనం విడిచి వెళ్ళారు. గవర్నర్ల తొలగింపు నిరంకుశంగా ఉండరాదని 2010లో బి.పి. సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు హద్దు గీచినది.

అండమాను నికోబారు దీవులకు ఆ మాత్రం కట్టడి కూడ తక్కువే. అక్కడ శాసనసభ లేదు. 1967 వరకు ఆ దీవుల లోక్‌సభ సభ్యుని సైతం రాష్ట్రపతియే నామనిర్దేశం చేసేవారు. 1982 నుండి పాలకుడు లెఫ్టినెంట్ గవర్నరు. గవర్నర్లకు అయిదేళ్ళ పరిమితి పేరుకైనను రాజ్యాంగంలో ఉన్నది, లెఫ్టినెంట్ గవర్నరుకు అదియును లేదు. జగదీశ్ ముఖీ ఏడాదికి కొంచెం పైగా ఆ పదవిలో ఉండగా, ఆయన తరువాత 2017 అక్టోబరులో వచ్చిన దేవేంద్ర కుమార్ జోషి అయిదేళ్ళు దాటి కొనసాగారు. ఇది ఆ వ్యక్తుల గుణదోష విచారం కాదు. దీవులలో నివసించే జనానికి, వారిలో గణనీయంగా ఉన్న తెలుగువారికి, తమ పాలకుడు ఎంతకాలం ఉండేదీ చెప్పే తేదీ లేదన్నదే విషయం.

ఖైదీల విడుదల విషయంలో మన రాష్ట్రం నుండి వెళ్ళిన ఒక కేసు దేశానికి మార్గం చూపినది. ఏపూరు సుధాకర్ కేసులో 2006 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఒక ఖైదీకి ప్రసాదించిన శిక్షతగ్గింపును కొట్టివేసినది. కులం, మతం, రాజకీయపక్షం వంటివి క్షమకు ఆధారం కారాదని చెప్పినది. క్షమ కూడ న్యాయపరిశీలనకు లోబడినదే. ఛందాగతి ఒకనిని చెరలో ఉంచడంలోనే కాక, ఒకనిని విడిపించడంలోను ఉండవచ్చునని బౌద్ధులకు వేరుగా చెప్పనక్కరలేదు.

గణతంత్రదినం, స్వాతంత్ర్యదినం, గాంధీజయంతి సందర్భాలలో యావజ్జీవ ఖైదీలను విడుదల చేసే ఉత్తర్వులు మన ప్రభుత్వాలు అప్పుడప్పుడు ఇస్తూ ఉన్నవి. అశోకుని ఇరువదియైదు విడుదలలకు ఇవి దూరపు బంధువులు. అయితే ఉత్తర్వు ఏ ఏడు వస్తుందో, ఏ ఏడు రాదో, ఎవరు అందులో చేరుతారో ముందుగా ఖైదీకిగాని, గుమ్మంలో ఎదురుచూచే తల్లికిగాని తెలియదు. బుద్ధజయంతులు జరుపుకొనే సంఘాలు, ఎఱ్ఱగుడికి యాత్రలు చేసే ఉపాసకులు ప్రభుత్వాన్ని కోరవలసినది ఎక్కువ దయను కాదు. ఆ దయకు ఏటేటా ఒక తేదీని, అందరికీ వర్తించే నియమాన్ని, బహిరంగమైన లెక్కను కోరవలెను. ఇరువదిరెండు శతాబ్దాలకు పూర్వం ఒక చక్రవర్తి రాతిమీద వ్రాయించి ఇచ్చిన ఆ మూడింటిని కాగితంమీద వ్రాసి ఇవ్వడం ప్రజాప్రభుత్వాలకు భారం కారాదు.